మొదటి పేజీలో ఎస్తేరమ్మ

నాకు కోపం ఎక్కువ. పాలవాడి మీద, ఆటోవాడి మీద, మా ఆయన రాజారావు మీద వంతులవారీగా వస్తూనే ఉంటుంది. మా ఇంటి ఓనరమ్మ ఎస్తేరమ్మకు మాత్రం కోపమనేది తెలియదు. 2008లో, విమానాశ్రయం తెరిచిన ఏడాది, మా ఆయనకు అక్కడ కార్గో ఆఫీసులో ఉద్యోగమొచ్చి మేము తణుకు నుంచి శంషాబాద్ చేరాం. వాళ్ల ఇంటి పై పోర్షన్లో దిగాం. లారీలోంచి సామాను దింపుతుంటే ఎస్తేరమ్మ గేటు దగ్గర నిలబడి, "చాముండక్కా, జర పైలం. మెట్లకు ఇంక రెయిలింగ్ పెట్టలే" అంది. నా పేరు చాముండేశ్వరి. కలిసి గంట కాకముందే అందులో సగం కోసేసి అక్కను చేసుకుంది. ఆ రెయిలింగ్ సంగతి తర్వాత ఎన్నిసార్లు అడిగినా "పెడ్తనక్కా" అని నవ్వేది. అలా నవ్వే మనిషితో ఎంతసేపని పోట్లాడతాం?

ఎస్తేరమ్మ పుట్టింది తొండుపల్లిలో. శంషాబాద్ బస్టాపు పక్కన, బెంగుళూరు రోడ్డు మీద ఆవిడకు చిన్న కిరాయి అంగడి ఉండేది. కుట్టేది ఒక్కటే వస్తువు, మేలిముసుగు. క్రైస్తవుల పెళ్లిలో పెళ్లికూతురు తెల్లచీర మీద, తల మీదుగా వేసుకునే పల్చటి నెట్టు గుడ్డ అది. అంచుకు లేసు, అక్కడక్కడా ముత్యాలు, తల మీద నిలవడానికి ఒక పూల కిరీటం. "జాకెట్లు కూడా కుట్టొచ్చు కదండీ" అని నేను సలహా ఇస్తే, "జాకెట్లు కుట్టేటోళ్లు గల్లీకొకరున్నరక్కా. ముసుగు కుట్టేటోళ్లు ఏరి?" అనేది. నా సలహా ఒక్కటీ ఆవిడ వినలేదు, నేను ఇవ్వడమూ మానలేదు.

అంగడి ముందు అద్దాల బీరువాలో పెళ్లికూతురి ముస్తాబుతో ఒక ప్లాస్టర్ బొమ్మ నిలబడి ఉండేది. మహబూబ్‌నగర్, కర్నూలు బస్సులు అక్కడ ఆగినప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ఆడవాళ్లు దాన్ని చూసేవాళ్లు. ఇంట్లో పెళ్లి కుదిరాక, "బస్సాగిన కాడ చూసినం" అంటూ వెతుక్కుని వచ్చేవాళ్లు. ఆవిడ గిరాకీ అంతా అలా వచ్చిందే.

2012లో రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి గోడల మీద ఎర్రరంగుతో గీతలు గీశారు. గీత ఆ అంగడి వెనక గోడ మీద పడింది. అంటే వెనక గోడ తప్ప తక్కిందంతా పోయినట్టే. రోడ్డు మీద ఇంకో గది దొరకలేదు. మిషను, బొమ్మ, నెట్టు గుడ్డ తానులు ఇంటి ముందు గదిలోకి వచ్చాయి. మా ఇల్లేమో గల్లీ తిరిగి మళ్లీ గల్లీ తిరిగితే వస్తుంది. కొరియర్ కుర్రాడు ఫోన్ చేసి ఎడమా కుడా అని అడుగుతూనే ఉంటాడు. అక్కడికి పెళ్లివాళ్లు ఎవరొస్తారు?

ఎస్తేరమ్మ భర్త జయశీలన్ విమానాల్లోకి భోజనం ట్రేలు చేరవేసే వ్యాను నడిపేవాడు. మాట పొదుపు మనిషి. కొన్ని నెలలు చూసి ఒకరోజు అన్నాడు, "ఎయిర్‌పోర్టుల హౌస్‌కీపింగ్‌ల మనుషులను తీసుకుంటున్నరు. ఈస్టర్ దాకా చూద్దాం. అప్పటికీ గిరాకీ లేకుంటే అండ్ల చేరు." అందులో తప్పేముంది? ఒక్క జీతంతో ఇల్లు నడవడం లేదు మరి. కానీ ఆ మాట విన్నాక ఎస్తేరమ్మ మా మెట్ల మీద కూర్చుని, "నేల తుడుసుడు నాకు నామోషీ కాదక్కా. పనిల చేరితే షిఫ్టులు. మిషను మూసిపెట్టుడే. ఇగ తెరువ" అంది. మొదటిసారి ఆవిడ ముఖంలో నవ్వు లేకపోవడం చూశాను.

వాళ్లకు ఒక్కతే కూతురు, షెకీనా. డిగ్రీ చదివి రాజేంద్రనగర్‌లో ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసులో కంప్యూటర్ పని చేసేది. ఆ పిల్ల సాయంత్రాలు కూర్చుని ఆన్‌లైన్ దుకాణం తయారుచేసింది. ప్లాస్టర్ బొమ్మకు ముసుగులన్నీ మార్చి మార్చి వేసి ఫోటోలు తీసింది. తెరిచిన రోజు ఎస్తేరమ్మ ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆ వారం కూర్చుంది. నెలంతా కూర్చుంది. ఒక్క ఆర్డరు రాలేదు.

"ఆన్‌లైన్‌ల పెట్టినవ్ గదనే, మరి గిరాకీ ఏది?"

"ఎట్లొస్తది అమ్మా? ఎవరన్న 'క్రిస్టియన్ పెళ్లి ముసుగు' అని గూగుల్ల కొడితే ముందు పెద్ద పెద్ద దుకాణాలొస్తున్నయ్. మనది ఏడో పేజీల ఉన్నది. ఆడిదాక ఎవరు పోతరు?"

ఎస్తేరమ్మ, "అంటే ఆడ గూడ మనం గల్లీ లోపటి గల్లీలనే ఉన్నమన్నట్టు" అంది. ఇంత సులువుగా నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అసలు కథ ఇక్కడ మొదలైంది. వాళ్ల చర్చిలో స్త్రీల సమాజం ఉంది. ఎవరికైనా పెద్ద కష్టం వస్తే వాళ్లు గొలుసు ప్రార్థన పెడతారు. తలా ఒక గంట వంతు తీసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెగకుండా ప్రార్థిస్తారు. ఎస్తేరమ్మ కష్టం విన్నాక పాస్టరుగారిని అడిగి సంఘం ఆఫీసులోనే గొలుసు పెట్టారు. ఆ గదిలో పాటల కాగితాలు అచ్చు తీసే కంప్యూటర్ ఒకటి ఉంది. ఎక్కువమంది ఏ దుకాణం తెరిస్తే గూగుల్ దాన్నే ముందుకు తెస్తుందని ఎవరో అన్నారట. ఇంకేం, ప్రార్థనకు నొక్కుడు కూడా కలిసింది. వంతులో ఉన్నావిడ కళ్లు మూసుకుని ప్రార్థించాలి, కళ్లు తెరిచి వెతకాలి, ఏడో పేజీకి పోయి ఎస్తేరమ్మ దుకాణం నొక్కాలి, ముసుగులన్నీ చూసి, మూసి, మళ్లీ మొదటికి రావాలి.

ఆ సమాజంలో సక్కుబాయి అనే ఆవిడకు చదువు రాదు. అయినా ప్లాస్టర్ బొమ్మ ముఖం గుర్తుపట్టి నొక్కేది. ఒక పెద్దావిడ తెరమీద దుకాణం కనబడగానే రెండు చేతులూ ఎత్తి స్తోత్రం చెప్పేది, చేతులు దించేలోపు తెర చీకటయ్యేది. నాకూ ఒక వంతు వేశారు. "నేను మీ చర్చి మనిషిని కాదు కదండీ" అంటే, "నొక్కనీకి ఏ చర్చి అయితేంది అక్కా" అంది ఎస్తేరమ్మ. నాకు పడింది మధ్యాహ్నం కునుకు తీసే గంట. తిట్టుకుంటూనే పోయాను, తిట్టుకుంటూనే నొక్కాను.

మీరు నమ్మరు, దుకాణం కదిలింది! ఏడో పేజీ నుంచి నాలుగుకు వచ్చింది. తర్వాత రెండుకు. క్రిస్మస్ ముందు ఒక ఆదివారం సక్కుబాయి ఆఫీసు గదిలోంచి కేక పెట్టుకుంటూ బయటికి పరిగెత్తుకొచ్చింది. మొదటి పేజీ, మొదటి వరస, ప్లాస్టర్ బొమ్మ! చర్చి అంతా చప్పట్లు. వాళ్ల ఇంట్లో కంప్యూటర్లో చూసినా అంతే. పగలంతా చర్చిలో నొక్కింది చాలక ఎస్తేరమ్మ ఇంట్లోనూ నొక్కుతూ ఉండేది.

మొదటి పేజీ వచ్చాక కృతజ్ఞతా కూడిక పెట్టకపోతే ఎలా? ఇంటి ముందు షామియానా వేశారు. బగారన్నం, కోడికూర. పాస్టరుగారు ప్రార్థన చేశారు. నంద్యాలలో విత్తనాల కంపెనీలో పనిచేసే ఎస్తేరమ్మ తమ్ముడు ప్రేమ్ రాజ్ కూడా వచ్చాడు. చేతిలో కొత్త ఫోన్. అన్నాలు వడ్డిస్తుండగా లేచి నిలబడ్డాడు.

"అక్కా, ఆగు. మన దుకాణం నా ఫోన్ల అందరికి చూపిస్త."

వెతికాడు. వేలితో పైకి తోశాడు. ఇంకా తోశాడు. ముఖం మారింది. "సిగ్నల్ లేనట్టుంది" అని షామియానా బయటికి నడిచాడు. అక్కడా లేదు. రెయిలింగ్ లేని మా మెట్లెక్కి డాబా మీదికి పోయాడు. కింద అందరూ తినడం ఆపి పైకి చూస్తున్నారు. నేను ఊరుకోలేక తణుకులో ఉన్న మా చెల్లెలు ఝాన్సీకి ఫోన్ చేసి చూడమన్నాను. అది తాపీగా వెతికి, "చాలా పేజీలు తిప్పానక్కా. వేరే ఎవరెవరివో ఉన్నాయి, మీ ఎస్తేరమ్మగారిది లేదు" అంది. ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంది. అందరూ విన్నారు.

షెకీనా విస్తరి ముందు నుంచి లేచింది. ఆ పిల్లకు అప్పుడే అర్థమైంది. "అమ్మా, ఒకే కంప్యూటర్ల రోజూ అదే దుకాణం తెరుస్తుంటే, గీళ్లకు ఇదే ఇష్టమని అది యాదికి పెట్టుకుంటది. ఆ కంప్యూటర్ల వెతికినోళ్లకే అది ముందు పెడ్తది. మనకే మొదట కనబడుతున్నం. బయటోళ్లకు ఏడో పేజీలనే ఉన్నం."

ఎస్తేరమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. "మాకే చూపెట్టుడేంది?" అని అరిచింది. "మా ముసుగులు మాకెర్కలేవా? మేం చూడని ముసుగులా? మాకు చూపెట్టనీకి గిన్ని దినాలు ప్రార్థన చేసినమా?" ఆవిడకు కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. కూర బకెట్ కింద పెట్టి లోపలికి పోయింది. పాపం పాస్టరుగారు బగారన్నం కలుపుతూ అలా కూర్చుండిపోయారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఎంతమంది ఆడవాళ్లు, ఎన్ని గంటలు!

కొత్త సంవత్సరం రాగానే జయశీలన్ సూపర్‌వైజర్‌తో మాట్లాడి వచ్చాడు. ఈస్టర్ అయిన మర్నాటి నుంచి ఎస్తేరమ్మకు డ్యూటీ. యూనిఫాం అని నీలం ప్యాంటు, నీలం చొక్కా కూడా తెచ్చిచ్చాడు. ఎస్తేరమ్మ వాటిని మడత విప్పకుండా మిషను మీద పెట్టింది.

షెకీనా మాత్రం ఊరుకోలేదు. రోజూ ఆఫీసు నుంచి వచ్చి ఇంటర్నెట్‌లో ఏదేదో చదివేది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఆంటీ, మన దుకాణంల అన్ని ఫోటోలే. మాటలు లేవు. గూగుల్ ఫోటో చూసి ముచ్చటపడదు, మాటలు చదువుతది. దానికి చదవనీకి మనం ఏం పెట్టినం? 'ముసుగు ఒకటి', 'ముసుగు రెండు'."

"అయితే నాలుగు మాటలు రాయొచ్చు కదమ్మా" అన్నాను.

గుమ్మంలో ఉన్న ఎస్తేరమ్మ అందుకుంది. "ముసుగు గురించి రాయనీకి ఏముంటది? తెల్లగుంటది."

దారి ఆదివారం ఆరాధనలో దొరికింది. వాళ్ల చర్చిలో సాక్ష్యం చెప్పడం అలవాటు. తనకు జరిగిన మేలేదైనా ఉంటే మనిషి లేచి నిలబడి అందరికీ చెబుతారు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరున్నారు, వానా ఎండా, ఏదీ వదలరు. ఆ రోజు ఒకావిడ తప్పిపోయిన మేక దొరికిన సంగతి చాలాసేపు చెప్పిందట. షెకీనాకు అక్కడే తట్టింది. చివర్లో లేచి, "మా అమ్మ కుట్టిన ముసుగు ఏసుకున్నోళ్లు ఉంటే మా ఇంటికి రాన్రి. దాని గురించి సాక్ష్యం చెప్పున్రి" అని అడిగింది.

వచ్చారు. ఆదివారం సాయంత్రాలు మా గేటు ముందు చెప్పులు పట్టనంతమంది వచ్చారు. రాసుకోవడానికి నన్ను కూర్చోబెట్టారు. తణుకులో టైపు నేర్చుకున్నదాన్ని, పెళ్లయ్యాక ఆ వేళ్లతో పని ఎవరికీ పడలేదు. నేను తెలుగులో కొట్టేదాన్ని, షెకీనా దాని కింద ఇంగ్లీషులో పెట్టేది. ఒక్కొక్కరిది ఒక్కో పేజీ, పైన వాళ్ల పెళ్లి ఫోటో.

జడ్చర్ల పిల్ల ఒకతి చెప్పింది, హాల్లో ఫ్యాను గాలికి ముసుగు లేచి పెళ్లికొడుకు ముఖానికి చుట్టుకుందని. ఆ తర్వాత నుంచే ఎస్తేరమ్మ అంచులో బరువు పూసలు కుడుతోంది. ఇంకొకామె మోకరించినప్పుడు ముసుగు జారకుండా పిన్ను ఎక్కడ పెట్టిందో చూపించింది. సక్కుబాయి కూతురి పెళ్లిలో వాన పడి ముసుగంతా బురదైతే, ఎస్తేరమ్మ కుంకుడు నురగలో ముంచి, పిండకుండా నీడలో ఆరేసి మళ్లీ తెల్లగా చేసిందట. సక్కుబాయి అక్కడితో ఆగితేనా? ఆ పెళ్లిలో కూరలో ఉప్పు తక్కువైన సంగతి, వియ్యపురాలు అలిగిన సంగతి కూడా చెప్పింది.

"ఉప్పు సంగతి తీసేస్తున్నాను" అన్నాను.

"ఉండనియ్యి ఆంటీ. ఆమె మాట ఆమెదే. ఊరి పేర్లు, వాన, బురద, అన్ని ఉండనియ్యి. ముసుగుకు బురదైతే ఏం చెయ్యాలె అని వెతికేటోళ్లు కూడ ఉంటరు గద."

తీసేయలేదు. అక్కడా నా మాట నెగ్గలేదు. ఆ ఆడవాళ్లు ఊళ్లకు పోయి, "మా పెళ్లి ఫోటో ఇంటర్నెట్‌ల ఉన్నది" అని చుట్టాలందరికీ చూపించారు. వాళ్ల వాళ్ల చర్చిల వెబ్‌సైట్లలో మన పేజీలకు దారి, అదే లింకు, పెట్టించారు. అలా బయటివాళ్లు దారి పెడితే గూగుల్‌కు నమ్మకం పెరుగుతుందని షెకీనా చెప్పింది. ఫిబ్రవరి చివర్లో ప్రేమ్ రాజ్ నంద్యాల నుంచి ఫోన్ చేశాడు. "అక్కా! నా ఫోన్ల వచ్చినవ్! రెండో పేజీల!" ఈసారి ఎవరూ షామియానా వేయలేదు. మార్చిలో ముక్కూ మొహం తెలియనివాళ్ల నుంచి రెండు మూడు ఆర్డర్లు వచ్చాయి. జయశీలన్ సంతోషించాడు గానీ, "ఇయ్యాల ఉంటయ్, రేపు ఉండయ్. డ్యూటీ అయితే రోజు ఉంటది" అన్నాడు. నీలం బట్టలు మిషను మీద నుంచి కదల్లేదు.

మిగిలింది ఒక్క సాక్ష్యం. షెకీనా అడిగినప్పుడల్లా ఎస్తేరమ్మ, "నేను కుట్టినదాన్నే, ఏసుకున్నదాన్ని గాదు" అని తప్పించుకునేది. ఈస్టర్‌కు ముందు ఒక సాయంత్రం షెకీనా పట్టుబట్టింది. "అదే చెప్పమ్మా. ఎందుకు ఏసుకోలేదో చెప్పు."

ఎస్తేరమ్మ సూది మీంచి కళ్లెత్తకుండా చెప్పింది. జయశీలన్ ఆవిడకు రెండో భర్త. మొదటాయన లారీ కింద పడి పోయేనాటికి షెకీనా చంకలో పిల్ల. తర్వాత జయశీలన్ తల్లీబిడ్డలిద్దర్నీ కావాలని వచ్చి అడిగాడు. పెళ్లి కుదిరాక ఎస్తేరమ్మ నెట్టు గుడ్డ కొనుక్కుని, తన చేత్తో అంచు కుట్టుకుని ముసుగు తయారుచేసుకుంది. పెళ్లి ముందురోజు కుటుంబంలో పెద్దలు, ముసుగు కన్నెపిల్లలకే గానీ బిడ్డ తల్లికి కాదన్నారు. చీర కొంగే తల మీదికి లాక్కుని ఎస్తేరమ్మ చర్చిలో బలిపీఠం ముందు నిలబడింది. ఆ ముసుగు ఊళ్లో ఒక లేనివాళ్ల పిల్లకు ఇచ్చేసింది. ఆ పిల్లను చూసి ఇంకొకరు కుట్టమని అడిగారు. అలా మొదలైందట ఆవిడ పని.

"ఆ దినం ఏసుకోవాలని మస్తుండె అక్కా" అంది. అంతే చెప్పింది. నాకు అక్షరాలు కనబడలేదు, అయినా కొట్టాను. గుమ్మం అవతల నిలబడ్డ జయశీలన్ అంతా విన్నాడు.

ఈస్టర్ అయింది. మర్నాడు పొద్దున ఎస్తేరమ్మ నీలం ప్యాంటు, నీలం చొక్కా వేసుకుంది. పొట్టి మనిషి, ప్యాంటు కింద రెండు మడతలు. మంచి మాట ఏదైనా చెబుదామని నేను కిందికి వచ్చాను. గల్లీ చివర స్టాఫ్ వ్యాను హారన్ కొట్టింది. అప్పుడే ఫోన్ మోగింది. చేతిలో టిఫిన్ డబ్బా ఉందని ఎస్తేరమ్మ స్పీకర్లో పెట్టింది.

"ఎస్తేరమ్మగారేనా అండీ? గిద్దలూరు నుంచి మాట్లాడుతున్నా. మీ గురించి ఇంటర్నెట్లో చదివానండీ." చిన్న గొంతు, మధ్యలో ఆగుతూ వచ్చింది. "నాకొక బాబున్నాడండీ. మా ఆయన పోయి రెండేళ్లయింది. వచ్చే నెల మళ్లీ పెళ్లి. ముసుగు వేసుకోవచ్చా అని ఎవర్ని అడగాలో తెలియక గూగుల్లో అడిగాను. మొదట మీదే వచ్చింది. నేను వేసుకోవచ్చా అండీ?"

ఎస్తేరమ్మ టిఫిన్ డబ్బా మిషను మీద పెట్టేసింది. వ్యాను మళ్లీ హారన్ కొట్టింది. జయశీలన్ చెప్పులు వేసుకుని గల్లీ చివరికి నడిచాడు. డ్రైవర్‌తో ఏమన్నాడో వినబడలేదు. వ్యాను వెనక్కి తిరగడం మాత్రం నాకు కనబడింది. ఆయన తిరిగొచ్చి మిషను ముందున్న స్టూలు ముందుకు జరిపి, "మన పెండ్లప్పుడు నేనొక మాట అనాల్సుండె ఎస్తేరు. అనలే. కూసో" అన్నాడు.

ఎస్తేరమ్మ ఆ నీలం బట్టల్లోనే కూర్చుంది. ఫోన్ దగ్గరికి తీసుకుంది.

"ఏసుకో బిడ్డా. ఎవరన్న కాదంటే నాకు ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడ్త. నీకు పొట్టిది గాదు, నేల మీద జీరాడేటంత పొడుగుది కుడత."